టెంటు ఎంత బాగుందని కాదు, ఎక్కడ వేశారని అడగాలి: టాంజానియా ఉత్తర పార్కుల్లో టెంటు సఫారీ

టాంజానియా సఫారీకి కొటేషన్లు తెప్పించుకున్నవాళ్లు ముందుగా చూసేది టెంటు ఫొటోలు. మంచం ఎంత పెద్దది, బాత్రూమ్ లోపలే ఉందా, భోజనాల డేరాలో దీపాలు ఎలా ఉన్నాయి అని. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: మేం వెళ్లే నెలలో ఈ క్యాంపు సెరెంగెటిలో ఏ మూలన ఉంటుంది?

సెరెంగెటి జాతీయ పార్కు విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి నల్గొండ జిల్లా కంటే కాస్త పెద్దది. పదమూడు, పద్నాలుగు లక్షల వైల్డ్‌బీస్ట్‌లు (ఎద్దు పోలికున్న పెద్ద జింకలు) గడ్డి కోసం, నీటి కోసం ఏడాది పొడవునా ఇందులోనూ, పక్కనే కెన్యాలో ఉన్న మసాయి మారాలోనూ తిరుగుతూనే ఉంటాయి. మందలు దక్షిణాన ఉన్నప్పుడు ఉత్తరాన ఎంత ఖరీదైన క్యాంపులో దిగినా సగం రోజు మట్టి రోడ్డుకే పోతుంది.

డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా మందలు దక్షిణాన ఎన్‌డూటు చుట్టుపక్కల పొట్టి గడ్డి మైదానాల్లో ఉంటాయి. అగ్నిపర్వతాల బూడిద పేరుకున్న నేల అది. గడ్డిలో ఖనిజాలు ఎక్కువ, పాలిచ్చే తల్లులకు బలం. అందుకే ఈనడం అక్కడే. ఫిబ్రవరిలో రోజుకు వేల దూడలు పుడతాయి, వాటి వెనకే చిరుతపులులు, చీతాలు, హైనాలు. ఇంకో లాభం కూడా ఉంది. ఎన్‌డూటులో చాలా భాగం సెరెంగెటి పార్కు కిందికి రాదు, గోరొంగోరో సంరక్షణ ప్రాంతం కిందికి వస్తుంది. అక్కడ బండిని దారి దిగి గడ్డిలోకి నడపనిస్తారు. సెరెంగెటి లోపల అది కుదరదు, దారి దిగితే జరిమానా.

ఏప్రిల్, మే నెలల్లో పెద్ద వానలు. ధరలు బాగా తగ్గుతాయి, బండ్ల రద్దీ ఉండదు. కానీ సెరెంగెటిలో చాలాచోట్ల నల్లరేగడి. వాన పడ్డాక నల్లరేగడిలో బండి పరిస్థితి ఏమిటో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. జూన్‌లో మందలు పడమటి వైపు గ్రుమెటి నది దగ్గరికి చేరతాయి. జూలై నుంచి అక్టోబరు దాకా ఉత్తరాన కొగాటెండె, మారా నది. నవంబరులో చిన్న వానలతో తిరిగి దక్షిణానికి మళ్లుతాయి. మధ్యలో ఉన్న సెరొనెరా లోయలో మాత్రం సింహాలు, చిరుతపులులు ఏ నెలలోనైనా కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడి నదిలో ఏడాదంతా ఎంతోకొంత నీరుంటుంది. నెల విషయంలో అనుమానంగా ఉంటే సెరొనెరానే నమ్ముకోవచ్చు. ఇబ్బంది ఒక్కటే, ఒక చిరుతపులి చెట్టెక్కితే కింద ఇరవై బండ్లు.

మందలు మారా నది దాటే దృశ్యం కోసమే వెళ్లేవాళ్లకు ఉత్తరాన కనీసం మూడు రాత్రులు కావాలి. మంద ఒడ్డుకు వచ్చి, నాలుగు గంటలు నిలబడి, కారణం లేకుండా వెనక్కి పోవడం మామూలే. ముందు జంతువులు నీళ్లలో దిగేదాకా బండ్లు ఒడ్డుకు దూరంగా ఆగాలి. ముందే ఒడ్డు మీదికి ఎగబడే డ్రైవరు మంద దారినే మూసేస్తాడు. మంచి గైడు ఎవరన్నది అక్కడే తెలిసిపోతుంది.

మిగిలిన పార్కులు

తరంగీరే, సఫారీలు బయల్దేరే ఊరైన అరూషా నుంచి రెండు గంటల దూరం, రోడ్డు బాగుంటుంది. జూన్ నుంచి అక్టోబరు మధ్య అయితే రెండు రాత్రులు ఉండొచ్చు. చుట్టుపక్కల నీళ్లన్నీ ఎండిపోయి, ఒక్క తరంగీరే నది మిగులుతుంది. వందల ఏనుగులు అక్కడికే వస్తాయి. బావోబాబ్ చెట్ల మొదళ్లు ఏనుగులు దంతాలతో చీల్చిన గుర్తులతో ఉంటాయి. వానాకాలంలో ఏనుగులు చెదిరిపోతాయి కాబట్టి ఒక్క పగలు చాలు. మన్యారా సరస్సు చిన్న పార్కు. సమయం తక్కువగా ఉంటే మొదట తీసేయాల్సింది దాన్నే. ఆ రోజును సెరెంగెటికి కలిపితే లాభం.

గోరొంగోరో బిలం (పాత అగ్నిపర్వతం కూలి ఏర్పడ్డ గుంత) గురించి రెండు భ్రమలు తొలగించుకుంటే మంచిది. సుమారు 600 మీటర్ల లోతు, 260 చదరపు కిలోమీటర్ల అడుగు ఉన్న ఆ గిన్నెలో జిరాఫీలు ఉండవు. ఏనుగుల్లోనూ ఎక్కువగా కనిపించేది ముసలి మగవే. వెళ్లాల్సింది నల్ల ఖడ్గమృగం కోసం, అదీ బైనాక్యులర్స్‌లో చుక్కలా కనిపించినా సంతోషించాలి. రెండోది దూరం. "బిలానికి దగ్గరే" అని చెప్పే కరాటూ ఊరు నుంచి పొద్దున్నే బయల్దేరినా గేటు, అంచు మీది పొగమంచు, దిగుడు రోడ్డు దాటి అడుగుకు చేరేసరికి ఎనిమిది కావచ్చు. తూర్పు అంచున లెమాలా దారి దగ్గరున్న క్యాంపుల వాళ్లు అప్పటికే గంటసేపు చూసి ఉంటారు. డబ్బు ఎక్కువ పెట్టాల్సిన రాత్రి ఏదైనా ఉందంటే ఇదే. కాకపోతే అంచు ఎత్తు సుమారు 2,300 మీటర్లు. జూన్ నుంచి ఆగస్టు వరకు రాత్రుళ్లు గట్టి చలి, టెంటు లోపల కూడా ఉన్ని టోపీ కావాలి.

డబ్బు ఎక్కడికి పోతుంది

విదేశీ పెద్దలకు సెరెంగెటి ప్రవేశం రోజుకు 70 డాలర్లు. మార్చి 15 నుంచి మే 15 దాకా 60. పార్కు లోపలి క్యాంపులో పడుకుంటే రాత్రికి మరో 60 డాలర్ల కన్సెషన్ ఫీజు. వీటి మీద 18 శాతం వ్యాట్. అంటే ఒక్క సెరెంగెటి రోజుకే మనిషికి 153 డాలర్లు, తిండి, బండి లెక్కలోకి రాకముందే. గోరొంగోరో ప్రవేశం వ్యాట్‌తో కలిపి సుమారు 71. అరూషా నుంచి సెరెంగెటికి రోడ్డు దాని గుండానే పోతుంది కాబట్టి వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ కట్టాలి. బిలంలోకి దిగడానికి బండికి 250, వ్యాట్‌తో 295.

నలుగురు ఒక బండిలో, సెరెంగెటిలో మూడు రాత్రులు, తరంగీరే ఒక పగలు, బిలం ఒకసారి అనుకుంటే మనిషికి కేవలం ప్రభుత్వ రుసుములే 735 డాలర్ల దాకా అవుతాయి. ఆరు రోజుల మొత్తం యాత్రకు 1,200 చెప్పే కంపెనీ మిగతా 465లో బండి, డీజిల్, డ్రైవరు, వంటమనిషి, టెంట్లు, తిండి ఎలా సర్దుతోందో అడగండి. సాధారణంగా కోత పడేది రెండు చోట్ల: బండి మరమ్మతు, సిబ్బంది జీతం. కొన్నిసార్లు "సెరెంగెటి క్యాంపు" అని రాసి గేటు బయట దించుతారు. క్యాంపు పేరు, అది పార్కు లోపలా బయటా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి.

అనుమతి పత్రం గడియారం కూడా తెలుసుకుని ఉండాలి. టికెట్ 24 గంటలది. సెరెంగెటిలోకి వెళ్లే నాబీ హిల్ గేటులో మధ్యాహ్నం ఒంటిగంటకు లోపలికి వెళితే, ఆఖరి రోజు ఒంటిగంటలోపు బయటపడాలి. సింహం పిల్లల దగ్గర ఇంకో అరగంట అంటే గైడు ఎందుకు నసుగుతాడో ఇప్పుడు అర్థమవుతుంది. అలాగే సెరెంగెటి నుంచి తిరిగొచ్చి కరాటూలో పడుకుని, మర్నాడు మళ్లీ బిలానికి వస్తే గోరొంగోరో ప్రవేశం మూడోసారి పడుతుంది. వచ్చిన రాత్రి అంచు మీదే ఉండి, తెల్లవారుజామున దిగి, 24 గంటలు నిండకముందే గేటు దాటేలా వేసిన ప్రయాణ పట్టికే తెలివైనది.

కెన్యాతో పోల్చాలంటే, మసాయి మారాలో జూలై నుంచి డిసెంబరు దాకా ప్రవేశం మనిషికి 200 డాలర్లు, మిగతా నెలల్లో 100. అదీ పగటి 12 గంటలకే.

టెంట్లలో రకాలు

అన్నిటికంటే చవక పబ్లిక్ క్యాంప్‌సైట్. గుడారం లాంటి చిన్న డోమ్ టెంటు, నేల మీద పరుపు, స్లీపింగ్ బ్యాగు, అందరికీ కలిపి మరుగుదొడ్లు, చన్నీళ్లు. కంచె ఉండదు. వంటకూ, తినడానికీ ఇనుప జాలీ కట్టిన షెడ్లుంటాయి. జాలీ ఉన్నది జంతువులు లోపలికి రాకుండా, అంటే ఆ సమయంలో బోనులో ఉండేది మనమే. గోరొంగోరో అంచున సింబా క్యాంప్‌సైట్‌లో నీళ్ల ట్యాంకు దగ్గరికి ఏనుగు రావడం వింత కాదు. ఈ పద్ధతిలో వంటమనిషితో కలిపి రోజుకు మనిషికి సుమారు 200 నుంచి 300 డాలర్లు. కుర్రాళ్లకు, నడుం గట్టిగా ఉన్నవాళ్లకు బాగుంటుంది.

మధ్యలో ఉన్నది మొబైల్ క్యాంపు, డబ్బుకు తగిన ఫలితం ఎక్కువగా దొరికేది ఇక్కడే. ఎనిమిది పది పెద్ద కాన్వాస్ టెంట్లు, మంచాలు, లోపలే బాత్రూమ్. మందలు మారినప్పుడు క్యాంపూ ఎన్‌డూటు నుంచి కొగాటెండెకు మారుతుంది. స్నానం బకెట్ షవర్: మీరు చెప్పిన సమయానికి సిబ్బంది 20 లీటర్ల వేడినీళ్లు టెంటు వెనక పైకెక్కిస్తారు. గొలుసు లాగితే నీళ్లు. ముందు ఒళ్లు తడుపుకుని గొలుసు ఆపాలి, సబ్బు రాసుకున్నాక మళ్లీ లాగాలి. వదిలేసి నిలబడితే నాలుగైదు నిమిషాల్లో అయిపోయి, తల నిండా నురగతో "ఇంకో బకెట్" అని కేకేయాలి. జుట్టు పొడుగున్నవాళ్లు ముందే రెండు బకెట్లు చెప్పాలి. ఒక బకెట్టు, మగ్గు అడిగితే అవీ ఇస్తారు, మనకు ఆ స్నానమే హాయి. కరెంటు సోలార్. కెమెరా బ్యాటరీలు చాలాచోట్ల భోజనాల డేరాలోనే ఛార్జ్ చేయాలి. హెయిర్ డ్రయ్యరు పెడితే క్యాంపు మొత్తం చీకటి.

శాశ్వత లగ్జరీ టెంట్లలో చెక్క వేదిక, ఈతకొలను కూడా ఉండొచ్చు. బాగుంటాయి, కానీ కదలవు. మందలు ఆ నెలలో అక్కడ లేకపోతే ఆ అదనపు డబ్బు ఈతకొలనుకు ఇచ్చినట్టే.

ఏ రకమైనా రాత్రి నియమాలు ఒకటే. చీకటి పడ్డాక ఆస్కరీ, అంటే కాపలామనిషి, తోడు లేకుండా టెంటు బయట అడుగు పెట్టకూడదు. టార్చి ఊపితే వస్తాడు, కొన్నిచోట్ల విజిలు ఇస్తారు. జిప్పు చివరిదాకా వేయాలి. బూట్లు బయట వదిలితే హైనా ఎత్తుకుపోతుంది, తోలు దానికి తిండే. టెంటులో తినుబండారాలు అసలు వద్దు. అరటిపండు వాసనకు ఏనుగు, మిగతా వాసనలకు హనీ బ్యాడ్జర్ (పదునైన గోళ్లున్న చిన్న జంతువు) గుడ్డ చీల్చుకుని వస్తాయి. జంతికలు, ఆవకాయ అన్నీ వంటగదికి అప్పగించి, భోజనం వేళ తెప్పించుకోవాలి.

బండి, రోడ్డు

అడగాల్సింది పైకప్పు లేచే పొడవాటి ల్యాండ్ క్రూజర్, ప్రతి మనిషికీ ఒక కిటికీ. ఆరుగురికంటే ఎక్కువ ఎక్కిస్తే ఫొటోలు మర్చిపోవాలి. తారు రోడ్డు గోరొంగోరో గేటుతో అయిపోతుంది. అక్కడి నుంచి నాబీ హిల్ దాకా దాదాపు మూడు గంటలు, వాషింగ్ బోర్డులా గీతలు పడ్డ మట్టిదారి. గైడ్లు దీన్ని "ఆఫ్రికన్ మసాజ్" అని నవ్వుతారు గానీ, వెనక వరుసలో కూర్చున్న పెద్దవాళ్లకు నవ్వు రాదు. మోకాళ్ల, వెన్ను నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే మధ్య వరుస వాళ్లకు ఇచ్చి, తిరుగు ప్రయాణం సెరొనెరా నుంచి చిన్న విమానంలో పెట్టుకోవడం మేలు. ఆ విమానాల్లో సామాను చేతిసంచితో కలిపి 15 కిలోలు, చక్రాల సూట్‌కేసు కాకుండా మెత్తటి సంచి. దుమ్ము కెమెరాలోకి పోకుండా పాత దిండు గలీబు చాలు. దారిలో మూత్రవిసర్జనకు ఆగాలంటే స్వాహిలీలో "కుచింబా దావా" అంటారు, అక్షరాలా "మందు తవ్వడం". సిగ్గుపడకుండా అనొచ్చు.

త్సేత్సే ఈగలు తరంగీరేలో, సెరెంగెటి పడమటి, ఉత్తర అడవుల్లో బాధిస్తాయి. పలచటి బట్టలోంచి కూడా కుడతాయి. దోమల క్రీము వాటి మీద అంతగా పనిచేయదు. నీలం, నలుపు రంగులకు అవి ఎగబడతాయి, కాబట్టి జీన్స్ ఇంట్లో వదిలేసి ఖాకీ, లేత ఆకుపచ్చ, మట్టి రంగు వేసుకోవాలి.

తిండి

శాకాహారులు అన్నం లేక అల్లాడరు. అన్నం, చపాతీ, సంబూసా అక్కడి ఇంటి వంటలే. "మ్చిచా" అంటే తోటకూర, "మహరాగే" అంటే చిక్కుడు గింజల కూర. "శాకాహారం" అన్న ఒక్క మాట మాత్రం చాలదు, చేప, కోడి రసం కూడా వద్దని విడిగా చెప్పాలి, బుక్ చేసేటప్పుడే చెప్పాలి, క్యాంపు సరుకులు అరూషా నుంచే వస్తాయి. కారం తక్కువ. పొడులు, ఊరగాయ సీసాల్లో కాకుండా ప్లాస్టిక్ డబ్బాల్లో తీసుకెళ్లాలి. గడ్డపెరుగు మీద మాత్రం ఆశ వద్దు. మధ్యాహ్నం డబ్బా భోజనం. గోరొంగోరో అడుగున ఎన్‌గోయిటోక్‌టోక్ దగ్గర అందరూ తినడానికి ఆగే చోట గద్దలు చేతిలోంచే లాక్కుపోతాయి, బండిలో కూర్చునే తినండి.

కాగితాలు, మందులు

భారత పాస్‌పోర్టుకు టాంజానియా ఈ-వీసా 50 డాలర్లు, అమెరికా పాస్‌పోర్టుకు 100. 100 డాలర్ల తూర్పు ఆఫ్రికా వీసా కెన్యా, ఉగాండా, రువాండాలకే, టాంజానియాకు పనికిరాదు. కెన్యా కూడా కలిపితే ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో క్వారంటైన్‌కు పంపొచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. మలేరియా మాత్రలు డాక్టరును అడిగి వాడాలి: అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే తిరిగొచ్చాక ఏడు రోజులు, డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాలు కొనసాగించాలి. ఇంటికి రాగానే మానేయడమే చాలామంది చేసే తప్పు. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2019 జూన్ నుంచి నిషేధం. డ్యూటీ ఫ్రీ సంచి కూడా దిగేముందే వదిలేయాలి.

టిప్పు గైడుకు బండి మొత్తానికి రోజుకు 20 నుంచి 25 డాలర్లు, వంటమనిషి ఉంటే 10 నుంచి 15. ఆఖరి రోజు కవరులో పెట్టి ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వాలి. క్యాంపు సిబ్బందికి భోజనాల డేరాలో ఉమ్మడి పెట్టె ఉంటుంది, టెంటుకు నీళ్లు మోసినవాడికీ వాటా అందేది దాన్నుంచే. 2009కి ముందు ముద్రించిన నోట్లు, చిరుగున్నవి ఎవరూ తీసుకోరు, కొత్త నోట్లు ఇంటి దగ్గరే ఏరి పెట్టుకోండి.