బల్ల మీద గెలిచిన ఆయిల్, బండిలో ఏం చేసింది: పదేళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

మంగళగిరిలో మా ఇల్లు, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో నా విడిభాగాల దుకాణం. 2014లో కొన్న 125 సీసీ మోటారు సైకిల్ మీద రోజూ రానూపోనూ 30 కిలోమీటర్లకు పైగా తిరుగుతాను. పదేళ్లలో బండి 92,000 కిలోమీటర్లు నడిచింది. ఇన్నేళ్లలో ప్రదర్శన చూసి ఇంజన్ ఆయిల్ కొన్నది ఒక్కసారే. ఆ ఆయిల్ గురించీ, దాన్ని నా చేత కొనిపించిన ప్రదర్శన గురించీ ఈ సమీక్ష.

2017 వేసవిలో ఒక ఆయిల్ కంపెనీ ప్రతినిధి మా వీధిలో బల్ల వేసి, దాని మీద ఒక చిన్న యంత్రాన్ని బిగించారు. కరెంటు మోటారుకు అమర్చిన ఉక్కు చక్రం ఆయిల్ గిన్నెలో సగం మునిగి తిరుగుతూ ఉంటుంది. ఒక బేరింగ్ రోలర్‌ను (చిన్న గుండ్రటి ఉక్కు ముక్కను) పొడవాటి కడ్డీతో ఆ చక్రానికి అదిమిపెట్టి, కడ్డీ కొసన ఒక్కొక్కటిగా బరువులు వేలాడదీస్తారు. అందరూ వాడే ఆయిల్ పోసినప్పుడు రెండో బరువుకే కీచుమని మోటారు ఆగిపోయింది. వారి ఆయిల్ పోసినప్పుడు ఆరు బరువులు వేసినా చక్రం తిరుగుతూనే ఉంది. ఇరవై ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్న నేను కూడా, కళ్లెదుట జరిగినదాన్ని ఎలా కాదంటామని అనుకుని, మామూలు ధరకు రెట్టింపు పెట్టి ఒక లీటరు డబ్బా కొని ఆ రోజే బండిలో పోయించాను.

మొదటి వారం ఇంజన్ శబ్దం కొంచెం మెత్తబడినట్లు అనిపించింది. సుమారు 400 కిలోమీటర్ల తర్వాత ఒక సాయంత్రం కనకదుర్గమ్మ వారధి ఎక్కుతుండగా యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ రొద పెరిగింది కానీ బండి వేగం పెరగలేదు. వెనక లారీలు వస్తుండగా బండి అలా ముందుకు సాగకపోవడం ఎంత ప్రమాదమో ఆ దారిన వెళ్లేవారికి తెలుసు. మా మెకానిక్ క్లచ్ కేబుల్ పరీక్షించి, "కేబుల్ బాగానే ఉందండీ, ప్లేట్లు జారుతున్నాయి. ఆయిల్ ఏం పోయించారు?" అని అడిగాడు. క్లచ్ ప్లేట్లు మార్చాల్సి వచ్చింది, ఆ ఆయిల్ మొత్తం పారబోయాల్సి వచ్చింది.

కారణం తర్వాత అర్థమైంది. చాలా కార్లలో క్లచ్ ఇంజన్ ఆయిల్‌కు దూరంగా పొడిగా ఉంటుంది. మన గేర్ బండ్లలో చాలావరకు ఇంజన్, గేర్లు, క్లచ్ ఒకే ఆయిల్‌లో మునిగి పనిచేస్తాయి. ఆ ఆయిల్ క్యామ్ (వాల్వులను తెరిచే భాగం) దగ్గర రాపిడిని తగ్గించాలి, క్లచ్ ప్లేట్ల దగ్గర మాత్రం పట్టును చెడగొట్టకూడదు. ఈ రెండో లక్షణం కోసమే జపాన్ వాహన ప్రమాణాల సంస్థ (జాసో) ఎంఏ, ఎంఏ2, ఎంబీ అనే తరగతులు పెట్టింది. ఇలా ఆయిల్‌లో మునిగే తడి క్లచ్ ఉన్న బండ్లకు ఎంఏ, ఎంఏ2 సరిపోతాయి. రాపిడి తక్కువగా ఉండే ఎంబీ, ఇంజన్ ఆయిల్ క్లచ్‌కు తగలని గేరులేని స్కూటర్లకు పనికొస్తుంది. నేను కొన్న డబ్బా మీద వీటిలో ఏ ముద్రా లేదు. బల్ల మీది యంత్రం ఎంత జారుడో చూపించింది, నా బండికి ఆ జారుడే చేటు చేసింది.

2019లో మా వరుసలోనే మరో దుకాణదారుడు ఆ కంపెనీ పంపిణీ తీసుకుని, అలాంటి యంత్రమే తెచ్చుకున్నారు. అడిగి రెండు ఆదివారాలు నా దగ్గర పెట్టుకున్నాను. ఒకే డబ్బాలోని ఒకే ఆయిల్‌ను వెంటవెంటనే రెండుసార్లు పరీక్షించాను. మొదటిసారి మూడు బరువులకు ఆగింది. రోలర్‌ను కదపకుండా మళ్లీ మొదలుపెడితే అయిదు మోసింది. ఆయిల్ మారలేదు, రోలర్ మారింది. మొదటి పరీక్షలో దాని మీద ఒక గాటు పడుతుంది, ఆ గాటు వెడల్పయ్యే కొద్దీ అదే బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుని ఒత్తిడి తగ్గిపోతుంది. పోటీ ఆయిల్‌ను ముందు పరీక్షించి, తమ ఆయిల్‌ను తర్వాత పరీక్షించేవారు ఎవరైనా సరే గెలుస్తారు. 2017లో ప్రతినిధి రోలర్‌ను తిప్పారో లేదో నేను గమనించనే లేదు, నా కళ్లు బరువుల మీదే ఉన్నాయి. చివరగా, రోలర్‌ను తిప్పి కొత్త ముఖం పెట్టి, గిన్నెలో తలకు రాసుకునే షాంపూ పోశాను. అది ఆరు బరువులు మోసింది. షాంపూను ఇంజన్‌లో ఎవరూ పోయరు కదా.

ఈ యంత్రాన్ని పూర్తిగా పనికిరానిదని అనడం కూడా న్యాయం కాదు. టిమ్‌కెన్ పేరుతో ప్రసిద్ధమైన ప్రయోగశాల యంత్రానికి ఇది చిన్న రూపం. ప్రయోగశాలలో ప్రతిసారీ కొత్త ఉక్కు ముక్కతో, నిమిషానికి 800 చుట్ల వేగంతో, 10 నిమిషాల పాటు నడిపి, తీవ్రమైన ఒత్తిడిని తట్టుకోవలసిన గేర్ ఆయిళ్లనూ గ్రీజులనూ దానితో పోలుస్తారు. ఇంజన్ పరిస్థితి వేరు. కార్ల ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) బంతులూ రోలర్లూ లేని సాదా బేరింగులలో ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది, మామూలుగా నడిచేటప్పుడు లోహానికి లోహం తగలదు. క్లోరిన్ పదార్థాలు కలిపిన ద్రవం ఉక్కు మీద గట్టి పొరను ఏర్పరచి బల్ల మీద సులభంగా గెలుస్తుంది, అయితే ఇంజన్‌లో వేడికీ తేమకూ అవే ఆమ్లంగా మారి బేరింగు లోహాన్ని తినగలవు. ఆ ముప్పు అయిదు నిమిషాల ప్రదర్శనలో బయటపడదు. అమెరికాలో తప్పుడు ప్రకటనల మీద చర్య తీసుకునే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో స్లిక్ 50 అనే ఆయిల్ మిశ్రమం ప్రకటనలు అరుగుదల గురించి చెప్పిన మాటలకు ఆధారం లేదని అభియోగం మోపింది, మరుసటి ఏడాది అది ఒప్పందంతో ముగిసింది.

మిగతా ప్రదర్శనల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఫ్రీజర్‌లో పెట్టిన ఆయిల్‌ను ఒలకబోసి చూపిస్తారు. 10డబ్ల్యూ (చలిలో ఆయిల్ ఎంత పల్చగా ఉంటుందో చెప్పే గుర్తు) తరగతి ఆయిల్‌కు చలి పరీక్ష సున్నాకు 25 డిగ్రీలు దిగువన చేస్తారు, మన దగ్గర జనవరి తెల్లవారుజామున కూడా ఆ చలి ఊహకే అందదు. వేళ్ల మధ్య రుద్ది జిగట చూపించడం కూడా ఇలాంటిదే. కానీ రంగు విషయం వేరు, ఎందుకంటే దాని వల్ల వినియోగదారులు నిజంగా నష్టపోతున్నారు. వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ నల్లబడిందని మంచి ఆయిల్‌ను పారబోయించిన వారిని నేను చాలామందిని చూశాను. ఆయిల్‌లోని శుభ్రపరిచే పదార్థాలు మసిని గడ్డకట్టనివ్వకుండా తమలో మోస్తున్నప్పుడు ఆయిల్ నల్లబడుతుంది. అది పని చేస్తున్న గుర్తు.

నాణ్యతను నిజంగా తేల్చే పరీక్షలు బల్ల మీద పట్టేవి కావు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 2020లో తెచ్చిన ఎస్‌పీ తరగతికి అర్హత పొందాలంటే, ఒక పరీక్షలో 3.6 లీటర్ల ఇంజన్‌ను 90 గంటలు వేడిగా నడిపి, ఆయిల్ ఎంత చిక్కబడిందో, పిస్టన్ మీద ఎంత మడ్డి పేరుకుందో కొలుస్తారు. చివరికి ఇంజన్ విప్పి చూస్తారు.

2017 తర్వాత నేను బండితో వచ్చిన పుస్తకంలో సూచించిన 10డబ్ల్యూ-30 ఆయిల్‌నే, జాసో ఎంఏ2 ముద్ర చూసి, 3,000 కిలోమీటర్లకోసారి మారుస్తున్నాను. 70,000 దగ్గర వాల్వు పని కోసం ఇంజన్ పైభాగం (హెడ్) విప్పించినప్పుడు క్యామ్ మీద గీతలు లేవు, అడుగున మడ్డి లేదు. ఒక్క బండి అనుభవంతో ఒక ఆయిల్‌కు కిరీటం పెట్టలేను, అయితే 400 కిలోమీటర్లకే క్లచ్ పోగొట్టుకున్న అదే బండి ఇది.

అదే ప్రతినిధి 2022లో కొత్త డబ్బాతో మళ్లీ వచ్చారు. యంత్రం బల్ల మీదకు ఎక్కకముందే నేను డబ్బా తిప్పి చూశాను. ఈసారి ఎంఏ2 ముద్ర ఉంది. ప్రదర్శన అవసరం లేదని చెప్పి ఒక లీటరు కొన్నాను. దానితో 3,000 కిలోమీటర్లు వారధి ఎక్కి దిగాను, క్లచ్ ఒక్కసారి కూడా జారలేదు.