స్కీమథెసిస్‌తో రెండేళ్లు: రాసిందొకటి, వచ్చేదొకటి

నెల్లూరులో మాది ఆరుగురి జట్టు. రొయ్యల రైతుల కోసం ఫోను యాప్ నడుపుతున్నాం. గుంటలో కరిగిన ఆక్సిజన్ ఎంత, ఉప్పదనం ఎంత, ఈ రోజు ఏ కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఏ ధర అన్నవి అందులో కనిపిస్తాయి. యాప్ రాసేవాళ్లు వేరు, సర్వర్ చూసేవాళ్లు వేరు. ఇద్దరికీ మధ్య ఒప్పందం ఓపెన్‌ఏపీఐ డాక్యుమెంటేషన్. ఏది అడిగితే సర్వర్ ఏ రూపంలో జవాబిస్తుందో రాసిపెట్టే ఫైలు అది. రాసిన రోజున అందులో ఉన్నది నిజమే. తర్వాత సర్వర్ మారుతూ పోయింది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

గుంటల్లో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. సరిగ్గా ఆ వేళ ఒక రైతు యాప్ తెరిస్తే, తెరిచినట్టే మూసుకుపోయింది. సెన్సర్ తీగ ఊడడంతో సర్వర్ 'నల్' (విలువ ఏమీ లేదని చెప్పే గుర్తు) పంపింది. డాక్యుమెంటేషన్‌లో మాత్రం 'నంబర్' అని ఉంది. నీటికి గాలి అందించే ఏరియేటర్లు వేయాలో వద్దో తెలియక ఆయన టార్చిలైటు పట్టుకుని గట్టు మీదికి పరుగెత్తారు.

ఆ వారమే స్కీమథెసిస్ పెట్టాం. పైథాన్‌లో రాసిన ఓపెన్ సోర్స్ పరికరం. డాక్యుమెంటేషన్ ఫైలు ఇస్తే చాలు, తానే వందలకొద్దీ రిక్వెస్టులు అల్లి సర్వర్ మీదికి వదులుతుంది. వచ్చిన స్టేటస్ కోడ్, జవాబు ఆకారం రాసినట్టే ఉన్నాయా అని చూస్తుంది. లేని గుంట నంబరు అడిగితే 404 ('అలాంటిది లేదు') బదులు 500 ('సర్వర్‌లోనే లోపం') రావడం, మేం ఎక్కడా రాయని 422 ('పంపిన వివరాలు సరిగా లేవు') రావడం మొదటి రోజే బయటపడ్డాయి. ప్రతి తప్పుకూ అదే రిక్వెస్టును మళ్లీ పంపి చూసుకునే కర్ల్ ఆదేశం ఇస్తుంది కనుక "నా దగ్గర బాగానే ఉందే" అనే మాట మా ఆఫీసులో వినిపించడం మానేసింది. రైతులు వాడే సర్వర్ మీద మాత్రం నడపకండి. మా ట్రయల్ డేటాబేస్‌లో ఏ లిపో తెలియని పేర్లతో గుంటలు పుట్టుకొచ్చాయి, వాటిని ఏరడానికి ఒక పూట పట్టింది.

మూడు నెలలు అన్నీ పచ్చగా ఉన్నాయని మురిసిపోయాం. తప్పు మాదే. స్కీమాలో (డాక్యుమెంటేషన్‌లో జవాబు ఆకారం చెప్పే భాగం) ఒక ఫీల్డు రాశామంటే 'వస్తే ఇలా ఉండాలి' అని మాత్రమే అర్థం. 'వచ్చి తీరాలి' అనాలంటే దాన్ని 'రిక్వైర్డ్' జాబితాలో చేర్చాలి. మేం ఎక్కడా చేర్చలేదు. అంటే ధర ఉండాల్సిన చోట ఖాళీ బ్రాకెట్ల జత వచ్చినా పాసే! రెండు రోజులు కూర్చుని ప్రతి జవాబుకూ ఆ జాబితా రాశాక ఎర్ర గీతలు వరుస కట్టాయి. 'నల్' సంగతి కూడా అప్పుడే సరిచేశాం. ఓపెన్‌ఏపీఐ 3.0లో 'నల్లబుల్' అని రాస్తే సరిపోయేది. 2021లో వచ్చిన 3.1లో ఆ మాట తీసేశారు, 'టైప్' జాబితాలోనే 'నల్' చేర్చాలి.

ఇప్పుడు ప్రతి రాత్రీ పూర్తి పరీక్ష నడుస్తోంది. తీసేయమంటే ఒప్పుకోను. అయినా మొన్న ఇందుకూరుపేట నుంచి ఫోను వచ్చింది: "30 కౌంటు కన్నా 100 కౌంటుకు ఎక్కువ ధరా బాబూ? చిన్న రొయ్యకు పెద్ద ధర ఎవరిస్తారు?" రెండు కాలమ్‌లు తారుమారయ్యాయి. రెండూ అంకెలే, రెండూ వచ్చాయి, కాబట్టి పరీక్ష పాస్. కౌంటు పెరిగితే ధర తగ్గాలని ఆ సాయంత్రం నాలుగు వరుసల పరీక్ష చేత్తో రాసుకున్నాం.