ఆపి చూడాలా, ఒకరి తర్వాత ఒకరికి మొదలుపెట్టాలా?

విశాఖ ఎంవీపీ కాలనీలో నా దగ్గరికొచ్చే బాబు పావుగంటలో పదకొండుసార్లు కుర్చీ దిగేవాడు. బుద్ధిగా కూర్చున్నందుకు టోకెన్లు (తర్వాత బహుమతిగా మార్చుకునే బిళ్లలు) ఇవ్వడం మొదలుపెట్టాక రెండుసార్లే. అది టోకెన్ల వల్లేనా?

ఏబీఏబీ పద్ధతి (ఏ అంటే టోకెన్లు లేని రోజులు, బీ అంటే ఇచ్చే రోజులు): టోకెన్లు ఆపి, మళ్లీ ఇచ్చి చూడాలి. ఆపితే దిగడం పెరిగి, ఇస్తే మళ్లీ తగ్గితే వాటి వల్లే. ఒక్క పిల్లాడు చాలు, ఖర్చు తక్కువ. ఆపిన వారం మాత్రం వాళ్లమ్మ ముఖం చూడలేం.

మల్టిపుల్ బేస్‌లైన్: 1968లో బేర్, వోల్ఫ్, రిస్లీ అనే ప్రవర్తన పరిశోధకులు వివరించినది. ఏదీ ఆపక్కర్లేదు. ముగ్గురు పిల్లలకు, లేదా ఒకే పిల్లాడి మూడు అలవాట్లకు వేర్వేరు రోజుల్లో మొదలుపెడతాం. ఎవరికి మొదలైతే వాళ్లలోనే మార్పు కనిపించాలి. చివరివాళ్లకు ఎదురుచూపు, మనకు మూడింతల రాతపని.

కుర్చీ దిగడానికైతే ఏబీఏబీ. చదవడంలాంటి, నేర్చుకుంటే పోని వాటికి రెండోదే. తల గోడకు కొట్టుకునే పిల్లలకు ఆపి చూడటం నేనొప్పుకోను. రెండోదాంట్లోనూ వాళ్లకే ముందు మొదలుపెట్టాలి.