బస్టాండ్ పక్క ల్యాబులో వీర్య పరీక్ష: 5కి 2 స్టార్లు

"సెమెన్ శాంపిల్ ఎవరండీ?" అని రిసెప్షన్‌లో అమ్మాయి కేకేసింది. షుగర్లకీ థైరాయిడ్లకీ వచ్చిన పదిమంది తలలెత్తారు. లేవక తప్పుతుందా! ఒక స్టారు అక్కడే పోయింది.

వేరే గదేమీ లేదు, స్టాఫ్ బాత్రూమే. గడియ పడదు, ఒక చేత్తో తలుపు పట్టుకోవాలి. ఇక మీరే ఊహించుకోండి. వీర్యం పోకుండా ఎన్ని రోజులు ఆగి వచ్చారని అడగలేదు. ఆగాల్సింది 2 నుంచి 7 రోజులట. నేను 12 రోజుల తర్వాత వెళ్లా. డబ్బా మీద పేరు రాశారు, టైము రాయలేదు. బయట టిఫిన్ చేసొచ్చేసరికి గంట దాటింది, డబ్బా ఇంకా ఏసీ కింద కౌంటర్ మీదే ఉంది. చల్లబడితే వీర్యకణాలు మందగిస్తాయి, గంటలోపే చూడాలి.

రిపోర్టులో మొత్తం కదలిక 29 శాతం, ముందుకు ఈదేవి 14. కింద లావు అక్షరాల్లో "అస్తెనోజూస్పెర్మియా", అంటే కణాల కదలిక తక్కువని. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

డాక్టరు గారు కాగితం చూడకముందే అడిగారు, "ఈమధ్య జ్వరమేమైనా వచ్చిందా?" వచ్చింది, రెండు నెలల కింద డెంగీ. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి అప్పటి జ్వరం ఇప్పుడు కనపడొచ్చన్నారు. డబ్ల్యూహెచ్‌ఓ 2021 లెక్కలో మొత్తం కదలికకి 42, ముందుకు ఈదేవాటికి 30 కింది గీత. ప్రయత్నించిన ఏడాదిలోపే భార్యకి కడుపు నిలిచినవాళ్లలో కూడా నూటికి ఐదుగురు ఆ గీత కిందే ఉన్నారట. పిల్లలు పుట్టరని దానికి అర్థం కాదు. మూడు నెలలాగి ఇంకోచోట చేయించమన్నారు.

ఆ రెండో ల్యాబులో ఫారమే ఒక పేజీ. టెక్నీషియన్ పెద్దాయన గొంతు తగ్గించి, "కొంచెమైనా బయట పడిందా సార్? మొహమాటపడకండి, మొదట వచ్చినదాంట్లోనే కణాలెక్కువ" అన్నాడు. స్క్రీన్ మీద చూపించాడు కూడా: ఇవి ముందుకి పోతున్నాయి, ఇవి ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి, ఇవి కదలట్లేదు. ఈసారి 47, 34. తేడా జ్వరం వల్లో, కౌంటర్ మీది డబ్బా వల్లో డాక్టరు గారూ తేల్చలేదు.

బస్టాండ్ ల్యాబుకి ఆ రెండు స్టార్లయినా ఎందుకంటే, రిపోర్టు సాయంత్రానికే వాట్సాప్‌లో పంపారు. బండి పెట్టుకోడానికి నీడ కూడా ఉంది.