పొడిబారే బాధకి లూబ్రికెంట్ కొంటున్నారా, డబ్బా వెనక్కి తిప్పి చదవండి

ముందు అసలు విషయం చెప్పేస్తాను. యోని పొడిబారి మంట పుడుతున్నవాళ్లు లూబ్రికెంట్, అంటే కలయికప్పుడు ఒరిపిడి తగ్గించే జారుడు జెల్, కొనేటప్పుడు డబ్బా ముందువైపు ఏం రాశారో పట్టించుకోకండి, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల పేర్లు చదివి కొనండి. ఆ స్ట్రాబెర్రీ బొమ్మలు, 'వార్మింగ్', 'టింగ్లింగ్' లాంటి మాటలు అన్నీ సరదాగా కొనుక్కునేవాళ్ల కోసం. పలచబడిపోయి, తగిలితేనే చురుక్కుమనే చర్మానికి అవి పనికిరావు సరికదా, ఇంకా మండిస్తాయి. బెంగళూరులో, ముఖ్యంగా మా మారతహళ్లి వైపు మనవాళ్లు ఇంతమంది ఉన్నాం, ఏ స్కూల్లో ఫీజు ఎంతో, పనమ్మాయి ఎక్కడ దొరుకుతుందో వాట్సాప్ గ్రూపుల్లో పొద్దస్తమానం అడుగుతూనే ఉంటాం, ఇది మాత్రం ఎవరూ అడగరు. అందుకే నేను వాడి చూసినవాటి గురించి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నాకు నలభై ఏడు. నెలసరి ఒక నెల వచ్చి రెండు నెలలు రాని దశ. ఈ వయసులో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గిపోవడంతో లోపలి పొర పలచబడి, తడి తగ్గి, కలయిక అంటేనే భయం పుడుతుంది, కొందరికి మూత్రం పోసేటప్పుడు కూడా మంట ఉంటుంది. ఈ రెండిటికీ కారణం ఒకటే కాబట్టే 2014 నుంచి డాక్టర్లు దీన్ని జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్, అంటే నెలసరి ఆగే దశలో యోనికీ మూత్రనాళానికీ వచ్చే ఇబ్బందులు, అని పిలుస్తున్నారు. అలాగని ఇది పెద్ద వయసువాళ్ల సమస్య మాత్రమే అనుకోవద్దు. బిడ్డకు పాలిస్తున్న తల్లులకు వస్తుంది, అలర్జీకి వేసుకునే మాత్రల వల్ల, కొన్ని డిప్రెషన్ మందుల వల్ల కూడా వస్తుంది. ఇష్టం లేకపోవడానికీ దీనికీ సంబంధం లేదు. ఈ ముక్క మొగుళ్లకు కూడా తెలియాలి. నేను మా ఆయనకి విడమరిచి చెప్పాక 'నొప్పి అని ముందే అనొచ్చు కదా' అన్నాడు, ఆ తర్వాత జెల్ అయిపోతే తనే తెస్తున్నాడు.

కొనడానికి వెళ్లినప్పుడు ఒక జాగ్రత్త. మా ఇంటి దగ్గర మెడికల్ షాపులో 'జెల్లీ ఇవ్వండి' అని అడిగితే కౌంటర్ దగ్గరున్న అబ్బాయి మారుమాట లేకుండా ఒక ట్యూబు తీసి నల్ల కవర్లో వేసేశాడు. తీసి చూస్తే అది లిగ్నోకైన్ జెల్లీ! మూత్రం గొట్టం వేసేటప్పుడు నొప్పి తెలియకుండా పూసే మత్తు మందు. అది రాసుకుంటే తిమ్మిరెక్కి నొప్పి తెలియదు, లోపల గీరుకుపోయినా తెలియదు, ఇద్దరికీ తిమ్మిరే. అక్కడే తిరిగిచ్చేశాను. కాబట్టి ఉత్త జెల్లీ అనకండి, 'ఇంటిమేట్ లూబ్రికెంట్, వాటర్ బేస్డ్' అని గట్టిగానే అడగండి. అడగడానికి ఇబ్బందిగా ఉంటే డెలివరీ యాప్‌లలో 'సెక్సువల్ వెల్‌నెస్' కింద దొరుకుతాయి, చాలావాటికి పదార్థాల ఫొటో కూడా పెడతారు, దాన్ని పెద్దది చేసి తీరిగ్గా చదువుకోవచ్చు. నాకైతే ఇదే నచ్చింది, షాపులో వెనక క్యూ ఉంటే ఎవరు చదువుతారు?

ఇక జెల్లుల సంగతి. మొదట వాడింది ఎక్కడ చూసినా దొరికే రకం, చవకే. పెట్టుకున్న మొదటి రెండు నిమిషాలు హాయిగానే ఉంటుంది, తర్వాత జిగురు జిగురుగా అయిపోతుంది, మర్నాడు ముందుకంటే ఎక్కువ పొడిగా, దురదగా అనిపించింది. వెనక చూస్తే నీళ్ల తర్వాత రాసిన పేర్లు గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్. సాధారణంగా ఏది ఎక్కువ ఉంటే దాన్ని ముందు రాస్తారు. ఇవి మోతాదు మించితే ఉప్పు కలిపిన మామిడి ముక్కల్లోంచి ఊట దిగినట్టు కణాల్లోని నీటిని బయటికి లాగేస్తాయి. ఈ లాగే గుణాన్ని ఆస్మోలాలిటీ అనే లెక్కతో కొలుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఇచ్చిన సూచనల్లో అది 380 లోపు ఉంటే మంచిదని, కుదరకపోతే కనీసం 1200 దాటకూడదని ఉంది. ఆ అంకె డబ్బా మీద వేసే కంపెనీలు తక్కువే, వేసినదాన్ని మాత్రం నేను ఎక్కువ నమ్ముతాను. పీహెచ్, అంటే పులుపు గుణం ఎంతో చెప్పే అంకె, కూడా చూడండి. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న యోనిలో అది 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది, మెనోపాజ్ తర్వాత 5 దాటుతుంది, అందుకని 4.5కి దగ్గరగా ఉన్న జెల్ అయితే మంచిది. ఆపరేషన్లకీ పరీక్షలకీ వాడే కొన్ని జెల్లుల్లో క్లోర్‌హెక్సిడిన్ ఉంటుంది. క్రిములు చేరకుండా అక్కడ అది కావాలి, కానీ మనల్ని కాపాడే మంచి బాక్టీరియాని కూడా అది చంపేస్తుంది కాబట్టి తరచుగా వాడుకోవడానికి నేను తీసుకోను.

ఇప్పుడు వాడుతున్నది గ్లిజరిన్, పారాబెన్ (పాడవకుండా కలిపే రసాయనం), వాసన ఏవీ లేని వాటర్ బేస్డ్ జెల్. చేతి మీద ఒక చుక్క వేసి బొటనవేలితో రుద్దుతూ ఉంటే జిగురుగా మారకుండా మెల్లగా ఇంకిపోతుంది, ఆరినట్టుంటే రెండు చుక్కలు నీళ్లు తగిలించగానే మళ్లీ జారుతుంది. ఏది కొన్నా ముందు మోచేతి లోపలి మడతలో రాసి ఒక రోజు చూడండి. ఒకటే లోపం, తొందరగా ఆరిపోతుంది, మధ్యలో మళ్లీ పెట్టుకోవాలి.

సిలికాన్ జెల్ అలా ఆరదు. చర్మంలోకి ఇంకదు, నీళ్లతో పోదు, రెండు చుక్కలు చాలు. పొడితనం బాగా ఎక్కువ ఉన్నవాళ్లకి నేనైతే దీన్నే చెప్తాను. ధర ఎక్కువే, దుప్పటి మీద పడితే మరక అంత సులువుగా పోదు, బాత్‌రూమ్ నేల మీద పడితే కాలు జారుతుంది. లేటెక్స్ కండోమ్‌తో ఈ రెండు రకాలూ వాడొచ్చు.

కొబ్బరినూనె కండోమ్‌తో వాడకూడదు, నూనె తగిలితే లేటెక్స్ చిరిగిపోతుంది. కండోమ్ అవసరం లేనివాళ్లలో కొందరికి పడుతుంది, నాకు పడలేదు. వాజిలిన్ లోపలికి వద్దు, అది వాడిన ఆడవాళ్లలో బాక్టీరియల్ వజైనోసిస్, అంటే యోనిలో మంచి బాక్టీరియా తగ్గి చెడ్డవి పెరిగిపోవడం, ఎక్కువగా కనిపించిందని అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో తేలింది. ఉమ్మి అసలే వద్దు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు మామూలు జెల్ కాకుండా వీర్యకణాల కదలికని అడ్డుకోని రకం ఏదో డాక్టర్‌ని అడిగి తీసుకోండి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. లూబ్రికెంట్ ఆ కాసేపటికే. రోజంతా నడిస్తే, కూర్చుంటే కూడా ఒరిపిడిగా ఉండేవాళ్లకి కావాల్సింది మాయిశ్చరైజర్, అంటే హైలురోనిక్ యాసిడ్ లేదా పాలీకార్బోఫిల్ ఉన్న జెల్. కలయికతో సంబంధం లేకుండా రెండు మూడు రోజులకోసారి రాత్రి పడుకునే ముందు పెట్టుకోవాలి. గుణం వెంటనే కనపడదు, కొన్ని వారాలు ఓపిక పట్టాలి. నాకు ఎక్కువ తేడా తెలిసింది దీనితోనే. బైక్ వెనక కూర్చుని సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్ దాటేసరికి ఉండే ఆ ఒరిపిడి మంట ఇప్పుడు లేదు.

వీటికీ లొంగకపోతే గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. ఎస్ట్రియాల్ లాంటి ఈస్ట్రోజెన్ క్రీమ్ రాస్తారు, మొదట్లో రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు లోపల పెట్టుకునేది. అది షాపులో సొంతంగా కొనుక్కునే వస్తువు కాదు. మా అక్క బ్రెస్ట్ క్యాన్సర్ తర్వాత లెట్రోజోల్ వాడుతోంది, ఆ మాత్ర ఒంట్లో ఈస్ట్రోజెన్‌ని బాగా తగ్గించేస్తుంది కాబట్టి తనకి పొడితనం నాకంటే ఎక్కువ. ఇలాంటివాళ్లు క్యాన్సర్ డాక్టర్‌ని అడక్కుండా ఈస్ట్రోజెన్ క్రీమ్ ముట్టుకోకూడదు, ముందు ఈ హార్మోన్ లేని జెల్లులతోనే సర్దుకోవాలి. మాయిశ్చరైజరూ సిలికాన్ జెల్లూ తీసుకెళ్లి ఇస్తే 'ఇన్ని చెకప్పులకి వెళ్లాను, ఇలాంటివి ఉన్నాయని ఒక్కరూ చెప్పలేదేమే' అంది. చెకప్పుకి వెళ్లినప్పుడు డాక్టర్ అడిగేదాకా ఆగకుండా మీరే అడగండి.

నెలసరి ఆగిపోయి ఏడాది దాటాక చుక్క రక్తం కనపడినా అది పొడితనమేలే అని జెల్ రాసుకుని ఊరుకోవద్దు, వెంటనే చూపించుకోవాలి. మొదటిసారి కొనేవాళ్లు మాత్రం పెద్ద బాటిల్ తీసుకోకండి, దొరికే చిన్న ట్యూబు తెచ్చుకుని అది పడిందనుకున్నాకే పెద్దది కొనండి, ఎందుకంటే మూత తీశాక ఏ షాపువాడూ తిరిగి తీసుకోడు.