డ్రాగ్ బిగుసుకుపోయిన రీల్: విప్పి బాగుచేయాలా, కొత్తది కొనాలా?

ఉప్పునీటి చేపల వేటలో గాలపు కర్రకు బిగించి దారం చుట్టే స్పిన్నింగ్ రీల్‌లో తరచుగా మొరాయించేది డ్రాగే, అంటే చేప లాగినప్పుడు దారాన్ని పట్టిపట్టి వదిలే బ్రేకు. డ్రాగ్ నాబ్ ఎంత వదులు చేసినా దారం కదలదు. అప్పుడే పెద్ద చేప పడితే దారం తెగిపోతుంది, ప్రాణం ఉసూరుమంటుంది.

ఖర్చు: బాగుచేస్తే డ్రాగ్ లోపలి వాషర్లు (పల్చటి బిళ్లలు), డ్రాగ్ గ్రీజు. కొత్తదైతే రీల్ ధర మొత్తం.

శ్రమ: కొత్తదానికి దారం చుట్టుకుంటే చాలు. పాతదానికి ఒక సాయంత్రం కావాలి. స్పూల్ (దారం చుట్టి ఉండే భాగం) తీసి, వాషర్లను పట్టి ఉంచే సన్నని తీగ రింగును మెల్లగా లాగండి. ఒక్కో వాషర్‌నూ వచ్చిన వరసలోనే గుడ్డ మీద పేర్చి ఫోటో తీసుకోండి. వరస తప్పితే డ్రాగ్ సరిగా పనిచేయదు. అతుక్కున్నవాటిని గోరువెచ్చని మంచినీళ్లలో నానబెట్టండి, స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. స్పూల్ లోపల తెల్లటి పొడి కనిపిస్తే అది అల్యూమినియం తుప్పు కావచ్చు; పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా ఆరబెట్టండి. కార్బన్ వాషర్లకు డ్రాగ్ గ్రీజు పల్చగా రాయాలి, మామూలు స్ప్రే నూనె వద్దు.

రిస్క్: పాతదానిలో తుప్పు ఇంకా లోపలికి పాకి ఉండొచ్చు. కొత్తదైనా కడగకుండా, డ్రాగ్ బిగించే దాచితే ఇదే గతి.

స్పూల్ లోపలి గోడ నున్నగా ఉండి, హ్యాండిల్ సాఫీగా తిరుగుతుంటే తప్పకుండా బాగుచేయండి. లోహానికి గుంటలు పడినా, బేరింగులు గరగరమంటున్నా, విడిభాగాలు దొరకకపోయినా కొత్తదే కొనండి.