అమ్మతో వెస్ట్‌ఫ్యోర్డ్స్: దారులు, బసలు, భోజనాలు

ఐస్‌లాండ్ వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది రింగ్ రోడ్ చుట్టి వచ్చేస్తారు. దేశాన్ని చుట్టే ఆ 1వ నంబర్ రోడ్డు వాయవ్య మూలన ఉన్న వెస్ట్‌ఫ్యోర్డ్స్ వైపు అసలు వెళ్లదు. ఈ ప్రాంతాన్ని మిగతా దేశానికి కలిపే నేల వెడల్పు సుమారు 7 కిలోమీటర్లే. అది దాటితే చాలు, ఐస్‌లాండ్ తీరరేఖలో దాదాపు మూడో వంతు ఇక్కడే మెలికలు తిరిగి ఉంటుంది. జనం మాత్రం 7 వేల పైచిలుకు. పోయిన జూలైలో మేం వెళ్లింది ఇక్కడికే: నేను, మా ఆయన, రాజమండ్రి నుంచి మాంచెస్టర్‌లో మా ఇంటికి వచ్చిన అమ్మ. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చేప, గుడ్డు కూడా ముట్టదు. అందుకే ఏ చోటు గురించి చెప్పినా పెద్దవాళ్లతో వీలవుతుందా, మన తిండి కుదురుతుందా అన్న లెక్క కూడా చూసి చెబుతాను.

ముందుగా గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. రింగ్ రోడ్ ట్రిప్పులో రెండు రోజులు మిగుల్చుకుని ఇది కూడా చూసేద్దామని ప్లాన్ వేయకండి. రెక్యావిక్ నుంచి ఇక్కడి ముఖ్య పట్టణం ఇసాఫ్యోర్దుర్‌కు 450 కిలోమీటర్ల పైనే. ఆగకుండా నడిపినా ఐదారు గంటలు. ఆగకుండా నడిపితే ఇక వచ్చి లాభమేముంది? వారం రోజులుంటే రింగ్ రోడ్డో, వెస్ట్‌ఫ్యోర్డ్సో, ఏదో ఒకటే పెట్టుకోవాలి. నన్నడిగితే రెండోదే అంటాను.

ఇక్కడ దారి తీరే వేరు. ఐస్‌లాండ్‌లో అన్నిటికన్నా పాత నేల ఇది, కోటిన్నర ఏళ్ల నాటి లావా పొరలు. వాటిని హిమనదాలు తొలిచేస్తే, ఆ లోయల్లోకి సముద్రం వచ్చి ఫ్యోర్డ్‌లయ్యాయి. రోడ్డు ప్రతి ఫ్యోర్డ్ లోపలికీ వెళ్లి, చివర మలుపు తిరిగి, అవతలి గట్టున మళ్లీ సముద్రం దాకా వస్తుంది. 61వ నంబర్ రోడ్డు మీద స్కోతుఫ్యోర్దుర్, హెస్ట్‌ఫ్యోర్దుర్ వరసగా వస్తాయి. ఒక్కోటి పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూగా లోపలికి వెళ్తుంది. ఒకచోట అమ్మ నీళ్ల అవతలి ఇల్లు చూపించి, “బాబూ, ఇందాక మనం దాటొచ్చింది ఆ ఇల్లే కదండీ?” అని అడిగింది. “అదే అత్తయ్యగారూ, అరగంటైంది,” అన్నారు మా ఆయన. గూగుల్ మ్యాప్స్ చూపించే సమయానికి సగం కలిపి వేసుకుంటే రోజు హాయిగా గడుస్తుంది. రోజుకు 150 నుంచి 180 కిలోమీటర్లు దాటకూడదని మేం పెట్టుకున్న నియమం చాలా పనికొచ్చింది.

రెక్యావిక్ నుంచి రావడానికి రెండు దారులు. ఒకటి పూర్తిగా రోడ్డు మీదే. రెండోది స్టికిష్‌హోల్ముర్ దాకా వెళ్లి, కారుతో సహా బల్దుర్ ఫెర్రీ ఎక్కి బ్ర్యాన్స్‌లైకుర్‌లో దిగడం. ఫెర్రీకి రెండున్నర, మూడు గంటలు పడుతుంది, మధ్యలో ఫ్లాతే అనే చిన్న దీవి దగ్గర ఆగుతుంది. డబ్బు ఎక్కువే. అయినా పెద్దవాళ్లుంటే ఫెర్రీకే నా ఓటు. డ్రైవరుకు విశ్రాంతి, అమ్మకు కాళ్లు చాపుకునే వీలు, వేడి టీ. వేసవిలో కార్ల చోటు ముందే నిండిపోతుంది కనుక హోటళ్ల కన్నా ముందు దీన్నే బుక్ చేసుకోవాలి. మిగతా తేదీలన్నీ దాన్ని బట్టే.

ఫెర్రీ దిగాక కాసేపట్లో ఫ్లోకలుందుర్. ఈ దేశానికి మంచుదేశమని పేరు పెట్టిన పాతకాలపు నార్వే నావికుడు ఫ్లోకి ఒక చలికాలం గడిపింది ఇక్కడి వాట్న్స్‌ఫ్యోర్దుర్ ఒడ్డునే. చేపలు పుష్కలంగా ఉండడంతో గడ్డి కోసి దాచుకోవడం మానేశారట, పశువులన్నీ చచ్చిపోయాయట. అతను కొండెక్కి చూస్తే ఫ్యోర్డ్ నిండా మంచు, అందుకే ఆ పేరట. ఆ ఒడ్డునే రాళ్ల మధ్య హెల్లులాయిగ్ అనే వేడినీటి గుంట ఉంది. నీళ్లు ఒంటికి హాయైన వేడిలో ఉంటాయి. దిగే రాళ్లు నున్నగా ఉంటాయి కాబట్టి అమ్మ గట్టున కూర్చుని కాళ్లు మాత్రం పెట్టుకుంది.

దక్షిణాన పాత్రెక్స్‌ఫ్యోర్దుర్ నుంచి లౌత్రబ్యర్గ్ కొండకొమ్ముకు వెళ్లాం. 14 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల 440 మీటర్ల ఎత్తున సముద్రంలోకి నిట్టనిలువుగా దిగే గోడ అది. మే నుంచి ఆగస్టు మధ్య దాకా పఫిన్ పక్షులు అంచున బొరియల్లో గూళ్లు పెడతాయి. పార్కింగ్ నుంచి నాలుగడుగులు వేస్తే చాలు, చేతికందేంత దగ్గర కనిపిస్తాయి, కాబట్టి మోకాళ్ల నొప్పులవాళ్లకూ ఇది కుదురుతుంది. అయితే ఆ బొరియల వల్ల అంచు కింద నేల డొల్లగా ఉంటుంది. నిలబడి తొంగిచూడకూడదు, పడుకునే చూడాలి. 1947 డిసెంబరులో ధూన్ అనే బ్రిటిష్ చేపల ఓడ ఈ గోడ కింద ఒడ్డుకు కొట్టుకొచ్చింది. చుట్టుపక్కల రైతులు తాళ్లతో కిందికి దిగి 12 మందిని పైకి లాగి బతికించారు. ఆ అంచున పడుకుని కిందికి చూస్తే, చలికాలం చీకట్లో వాళ్లు ఎలా దిగారో ఊహకు అందదు. మనుషుల మీద గౌరవం కలిగించిన చోటు నాకిది. ఇక్కడికి వచ్చే రోడ్డు మట్టి, కంకర, ఇరుకు. పూట మొత్తం కేటాయించండి. ఎర్ర ఇసుక తీరం రోయ్దసాందుర్‌కు దిగే మలుపులు మరీ నిటారు. వాన పడుతుంటే మానేయడమే మంచిది, మేం మానేశాం.

ఇక దిన్యాందీ. ఈ ట్రిప్పులో ఒక్క చోటే చూడగలమంటే ఇదే. సుమారు 100 మీటర్ల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా జారే జలపాతం, పైన 30 మీటర్ల వెడల్పు, కింద 60. దాని కింద ఇంకా చిన్న జలపాతాలు వరసగా. పైదాకా కాలిబాట పావుగంట, రాళ్లు రాళ్లుగా ఎక్కుడు. అమ్మ సగం ఎక్కి ఒక రాయి మీద కూర్చుంది. అక్కడి నుంచి పైన పెద్ద ధార, కింద ఫ్యోర్డ్ రెండూ కనిపిస్తాయి. మేం దిగి వచ్చినా లేవనంది. “పట్టిసీమ రేవులో కూర్చున్నట్టుందే, ఇంకాసేపు ఉందాం,” అంది. పొద్దు ఉందా లేదా అన్న టెన్షన్ అక్కర్లేదు, జూలైలో రాత్రి పదకొండైనా వెలుతురే. అక్కడ ఇప్పుడు టెంట్లు వేయనివ్వరు.

దిన్యాందీ నుంచి ఉత్తరానికి ఇదివరకు హ్రాప్న్‌సేరి కనుమ ఎక్కి దిగాలి, చలికాలంలో ఆ దారి మూతపడేది. 2020 అక్టోబరులో 5.6 కిలోమీటర్ల సొరంగం తెరిచాక ప్రయాణం సులువైంది. ఇసాఫ్యోర్దుర్ దగ్గరి పాత సొరంగం వేరే రకం. కొండ కడుపులోనే దారి రెండుగా చీలుతుంది, ఆ తర్వాత ఒక్క కారు పట్టే వెడల్పే. ఆగడానికి చేసిన గూళ్లు మన కుడివైపు ఉంటే మనమే ఆగి ఎదుటివాళ్లకు దారివ్వాలి. మొదటిసారి కాస్త గుండె దడ, తర్వాత అలవాటైపోతుంది.

బసల విషయానికొస్తే, రోజుకో ఊరు మారకుండా దక్షిణాన ఒక మకాం, ఇసాఫ్యోర్దుర్‌లో ఒక మకాం పెట్టుకుంటే చాలు. దక్షిణాన మేం దిగిన గెస్ట్‌హౌస్ గది శుభ్రం, కిటికీలోంచి ఫ్యోర్డ్, వెచ్చదనానికి లోటు లేదు. కానీ బుకింగ్‌లో వంటగది ఉందని రాసి, తీరా వెళ్తే ఒక మైక్రోవేవ్, కెటిల్ చూపించారు. అడిగితే “అదే వంటగది” అన్నారు. శాకాహారులతో వెళ్లేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పొయ్యి, గిన్నెలు, ఫ్రిజ్ ఉన్నాయా అని బుక్ చేసే ముందే మెయిల్‌లో అడిగి జవాబు తీసుకోండి. ఇసాఫ్యోర్దుర్‌లో తీసుకున్న అపార్ట్‌మెంట్ మాత్రం చాలా బాగుంది. ఓనరు ముందురోజే హీటర్ వేసి ఉంచారు. నల్లటి దళసరి కర్టెన్లు ఉండడంతో అమ్మ పడుకోగలిగింది. అర్ధరాత్రి కూడా వెలుతురుండే ఊళ్లో అవి లేని గది ఎంత చవకైనా దండగే, కళ్లకు గంత వెంట ఉంచుకోవడం మంచిది.

వంట కుదిరితే తిండికి లోటు ఉండదు. ఇసాఫ్యోర్దుర్ బోనుస్ సూపర్‌మార్కెట్‌లో బియ్యం, బంగాళాదుంపలు, క్యాబేజీ, పాలు దొరికాయి. స్కీర్ అని ఇక్కడ పెరుగులాంటిది ఉంటుంది, బాగా చిక్కన. పాలు కలిపి పల్చన చేసి ఉప్పేస్తే పెరుగన్నానికి దాదాపు సరిపోయింది. కందిపొడి, చింతకాయ పచ్చడి, అటుకులు మేమే పట్టుకెళ్లాం. చేపలు తినేవాళ్లు మాత్రం పాత 18వ శతాబ్దపు చెక్క ఇళ్ల మధ్య ఉన్న త్యోరుహూసిద్ రెస్టారెంటుకు తప్పకుండా వెళ్లాలి. ఆ రోజు పడిన చేపను ఇనుప పెనాల్లో తెచ్చి పెడతారు, ఎంతైనా తినొచ్చు. మా ఆయన ఈ ట్రిప్పు మొత్తంలో ఆ భోజనాన్నే తలుచుకుంటారు. థింగేరి, ఫ్లాతేరి లాంటి చిన్న ఊళ్లలో కెఫేలు వేసవిలోనే తెరుస్తారు, త్వరగా మూసేస్తారు.

ఫ్లాతేరి మీద ఇంకో మాట. 1995 అక్టోబరులో కొండ మీది మంచు ఊరి మీద విరుచుకుపడి 20 మందిని బలి తీసుకుంది. అదే ఏడాది జనవరిలో సూదావిక్‌లో 14 మంది పోయారు. ఫ్లాతేరి పైన ఇప్పుడు పెద్ద మట్టి గట్లు అడ్డం కట్టారు. సూదావిక్ ఊరినే కాస్త అవతలికి మార్చారు, పాత ఇళ్లలో వేసవిలో మాత్రమే ఉండనిస్తారు. అలాంటి ఇంట్లో దిగితే ఆ సంగతి తెలిసి, గొంతు తగ్గించి, మర్యాదగా ఉండడం మన బాధ్యత. అదే ఊళ్లో ధ్రువపు నక్కల కేంద్రం ఉంది, గంటసేపు చాలు, మోకాళ్లకు శ్రమ లేదు. స్కోతుఫ్యోర్దుర్‌లో 1895 నాటి మట్టికప్పు ఇల్లు లిట్లీబైర్‌లో కాఫీ, వాఫుల్ ఇస్తారు. గుడ్డు వల్ల అమ్మ వాఫుల్ తినలేదు గానీ దూలాలు చూసి వాళ్ల తాతగారి ఇల్లు గుర్తుచేసుకుంది.

ఈత కొలనులకు వెళ్తే లోపలికి దిగేముందు బట్టలన్నీ తీసేసి సబ్బుతో స్నానం చేయడం తప్పనిసరి. ఆడవాళ్లకు వేరే గదులే గానీ అందరూ ఒకచోటే. మన పెద్దవాళ్లకు ఇబ్బంది అనిపిస్తే కర్టెన్ ఉన్న గది ఉందా అని కౌంటర్లో అడగొచ్చు, కొన్నిచోట్ల ఉంటుంది. ద్రాంగ్స్‌నెస్‌లో రోడ్డు పక్కన సముద్రం ఒడ్డునే మూడు వేడినీటి తొట్లు కట్టి ఉన్నాయి. అమ్మ దిగింది అక్కడే, మెట్లున్నాయి కాబట్టి.

కారు సంగతి: జూలైలో ముఖ్యమైన దారులకు మామూలు కారు సరిపోతుంది గానీ, కంకర రోడ్ల కోసం కాస్త ఎత్తైనది తీసుకోండి. కంకర దెబ్బల ఇన్సూరెన్స్ తీసుకోవాలి. గాలికి తలుపు విరిగితే చాలా ఇన్సూరెన్సుల్లో చెల్లదు, రెండు చేతులతో పట్టుకునే తెరవాలి. తారు మీద వేగం 90, కంకర మీద 80, ఊళ్లో 50. లైట్లు పగలూ వెలగాలి. గొర్రెలు తల్లి ఒక పక్క, పిల్ల ఒక పక్క ఉంటే తప్పకుండా రోడ్డుకు అడ్డం పరిగెడతాయి. బంకుల్లో చాలావాటిలో మనుషులుండరు, పిన్ ఉన్న కార్డు కావాలి. ట్యాంకు సగానికి రాగానే నింపేయండి. రోడ్డు పరిస్థితికి 1777కు, ఆపదలో 112కు ఫోన్ చేయొచ్చు.

యూకేలో ఉంటున్నా మన పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా తప్పదు. అమ్మ ఇండియాలోనే తీసుకుని వచ్చింది. వీసా, ఫెర్రీ, దక్షిణాన బస, ఇసాఫ్యోర్దుర్ బస, చివరకు కారు: ఈ వరసలో ఫిబ్రవరి, మార్చిలోనే మొదలుపెడితే జూలైకి అన్నీ కుదురుతాయి.